గేటు లోపల మొదలుపెట్టండి: ఒక రొయ్యల ప్లాంటు సామాజిక బాధ్యత గురించి

మీ ప్రశ్నను ముందుగా నాకు అర్థమైన మేరకు చెబుతాను. విశాఖపట్నం శివారులో రొయ్యలను శుద్ధి చేసి, గడ్డకట్టించి ఎగుమతి చేసే ఒక ప్రైవేటు లిమిటెడ్ కంపెనీలో మీరు మానవ వనరుల విభాగం చూస్తున్నారు. నిరుడు లాభం మొదటిసారిగా 6 కోట్ల రూపాయలు దాటడంతో సీఎస్ఆర్, అంటే కంపెనీ సామాజిక బాధ్యత, పని కూడా మీకే అప్పగించారు. మొక్కలు నాటించి, బీచ్ రోడ్డులో జరిగే పరుగు పోటీకి కొంత డబ్బిచ్చి, పక్క ఊరి బడికి కంపెనీ పేరుతో పెద్ద బోర్డు పెట్టిస్తే చాలని మీ ఎండీ గారు అంటున్నారు. అదే వారంలో అమెరికా కొనుగోలుదారు నుంచి నీరు, విద్యుత్తు, కార్మికులు, చెరువులు, కర్బన ఉద్గారాలు అంటూ సుస్థిరత మీద నలభై పేజీల ప్రశ్నావళి వచ్చింది. ఈ రెండూ ఒకే పనా, వేరువేరు పనులా, ముందు దేన్ని పట్టుకోవాలి అన్నది మీ సందేహం.

నేను ఈ ఊళ్లోనే ఇరవై ఏడేళ్లు ఉద్యోగం చేశాను. అందులో మొదటి సగం ఒక రసాయన కర్మాగారం పర్యావరణ విభాగంలోనూ, మిగతా సగం సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థల్లో సీఎస్ఆర్, ఆడిట్ పనుల్లోనూ గడిచింది. నా జవాబు ఏమిటంటే, అవి రెండు వేరువేరు పనులు. లాభం వచ్చాక అందులో కొంత భాగాన్ని సమాజం కోసం ఎలా ఖర్చు పెట్టాలన్నది మొదటి పని. అసలు ఆ లాభం ఏ విధంగా వస్తోందన్నది రెండోది. మొదటిదానికి చట్టం, గడువు, ఫారాలు ఉన్నాయి కాబట్టి అందరి దృష్టీ దాని మీదికే పోతుంది. మీరు మాత్రం రెండోదానితో, అంటే మీ గేటు లోపల, మొదలుపెట్టాలని నా సలహా. చట్టం సంగతి త్వరగా తేలిపోయేదే కాబట్టి దాన్ని ముందు ముగిస్తాను.

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. క్రిందటి ఆర్థిక సంవత్సరంలో నికర విలువ 500 కోట్ల రూపాయలు గానీ, టర్నోవరు 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ, లేదా అంతకుమించి ఉన్న ప్రతి కంపెనీ, గడిచిన మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని చట్టంలోని ఏడవ షెడ్యూలు పేర్కొన్న పనులపై వెచ్చించాలి. ఇక్కడ చాలామంది నిరుటి లాభం మీదనే 2 శాతం లెక్కకట్టి కంగారు పడతారు. మీ మూడేళ్ల లాభాలు వరుసగా 3.2, 4.1, 6.2 కోట్లు అనుకుంటే సగటు 4.5 కోట్లు, అందులో 2 శాతం 9 లక్షల రూపాయలు. బాధ్యత 50 లక్షలకు మించనప్పుడు ప్రత్యేకంగా సీఎస్ఆర్ కమిటీ వేయనక్కరలేదు. ఆ పని డైరెక్టర్ల బోర్డే చేయవచ్చు. 9 లక్షల్లో కంపెనీ సొంత నిర్వహణ ఖర్చుల కింద 5 శాతం, అంటే 45 వేల రూపాయల వరకు మాత్రమే చూపించుకోవచ్చు. ఈ మొత్తాన్ని వ్యాపార వ్యయంగా ఆదాయపు పన్ను లెక్కలో తగ్గించుకోవడానికి వీల్లేదని మీ అకౌంటెంటు గారికి ముందే చెప్పి పెట్టండి.

పరుగు పోటీ సంగతి సూటిగా చెబుతాను: అది లెక్కలోకి రాదు. మారథాన్లు, పురస్కారాలు, ప్రకటనలు, టీవీ కార్యక్రమాల ప్రాయోజకత్వం వంటి ఒక్కరోజు సందడులు సీఎస్ఆర్ ఖర్చు కావని కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2014 జూన్‌లోనే స్పష్టం చేసింది. మీ సరుకు ప్రచారానికి పనికివచ్చే స్పాన్సర్‌షిప్పులు, మీ ఉద్యోగులకు మాత్రమే మేలు చేసే ఖర్చులు, రాజకీయ పార్టీలకు ఇచ్చే విరాళాలు, వేరే చట్టం ప్రకారం ఎలాగూ చేయవలసిన పనులు కూడా రావు. ఈ చివరిది గుర్తుంచుకోండి, ఎందుకంటే కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతి పత్రంలో ఆవరణలో పచ్చదనం పెంచాలన్న షరతు ఉంటే, అక్కడ నాటిన మొక్కలను సీఎస్ఆర్ కింద రాసుకోవడం తప్పు. అలా రాసి, ఆడిటర్ ప్రశ్నించాక నీళ్లు నమిలిన కంపెనీని నేను చూశాను.

ఏదైనా సంస్థ ద్వారా పని చేయిస్తే, అది సీఎస్ఆర్-1 ఫారం ద్వారా నమోదు అయి ఉండాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇది తప్పనిసరి. డబ్బు మిగిలిపోతే, అది కొనసాగే ప్రాజెక్టుది కాని పక్షంలో, సంవత్సరం ముగిసిన ఆరు నెలల్లోగా ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి వంటి షెడ్యూలులోని నిధికి జమ చేయాలి. అలా చేయకపోతే ఆ మొత్తానికి రెట్టింపు లేదా కోటి రూపాయలు, ఏది తక్కువైతే అది, కంపెనీకి జరిమానాగా పడుతుంది. బాధ్యులైన అధికారులకు వేరే జరిమానా. చట్టం గురించి ఇంతకుమించి మీకు ఇప్పట్లో అవసరం ఉండదు.

ఇక గేటు లోపలి సంగతి. పరిశ్రమల విషయంలో విశాఖ ఇప్పటికే చాలా చూసిన ఊరు. 1933లో రేవు, 1941లో ఓడల నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన, 1957లో చమురు శుద్ధి కర్మాగారం, ఆ తరువాత ఎరువులు, జింకు, ఉక్కు, మందుల పరిశ్రమలు వచ్చి, ఈ ఊరికి జీతాన్నీ, పొగనీ ఒకే చేత్తో పంచాయి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసినప్పుడు, 70 దాటితే తీవ్రంగా కలుషితమైనట్టు లెక్క కాగా, విశాఖ ఆ గీత దాటింది. ఆ మరుసటి ఏడాది కొత్త ప్రాజెక్టులపై కొంతకాలం నిషేధం కూడా నడిచింది. రేవుకు దగ్గరలోని జ్ఞానాపురంలోనూ, పాతనగరంలోనూ పుట్టిపెరిగిన వారికి ఈ మార్కులు అక్కరలేదు. పొద్దున తుడిచిన గచ్చు మీద సాయంత్రం చెప్పుల్లేకుండా నడిస్తే పాదాలకు అంటుకునే బొగ్గు ధూళే వారి సూచిక.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే విష రసాయనపు ఆవిరి ఊరిమీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. నిద్రలోంచి లేచి పరుగెత్తినవారికి ఆ వాసన ఏమిటో, ఏ దిక్కుకు పోవాలో తెలియలేదు. కర్మాగారంలో సైరన్లు ఉండి కూడా మోగలేదని ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తన నివేదికలో పేర్కొంది. ఆ తరువాత నేను ఏ కంపెనీ సామాజిక బాధ్యత నివేదిక చదివినా, అందులోని వైద్య శిబిరాల ఫోటోలకంటే ముందు, ఈ కంపెనీ పొరుగువాళ్లకు తన ఆవరణలో ఏమి నిల్వ ఉందో చెప్పిందా అని వెతకడం అలవాటైంది.

మీరు రొయ్యల ప్లాంటు కదా, మాకు ఇలాంటి ప్రమాదం ఏముంటుంది అనుకోవచ్చు. మీ కంప్రెసర్ గదిలో చలువ కోసం వాడే అమ్మోనియా ఉంది. గాలిలో అది పది లక్షల భాగాలకు ఐదారు భాగాలు ఉండగానే ముక్కు పసిగడుతుంది. 300 భాగాలకు చేరితే ప్రాణాపాయం. మామూలుగా గాలికంటే తేలిక కాబట్టి పైకి పోతుందని మెకానిక్కులు ధైర్యం చెబుతారు గానీ, ద్రవరూపంలోంచి ఒక్కసారిగా చిమ్మినప్పుడు చల్లటి పొగమంచులా నేలబారుగా పాకుతుంది, సముద్రపు తేమ ఉన్న మన గాలిలో మరీను. కాబట్టి మీ మొదటి వారం పని ఇది: గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ గొట్టం అందరికీ కనిపించే ఎత్తులో ఉందా, గ్యాసు డిటెక్టరును చివరిసారి ఎప్పుడు పరీక్షించారు, లీకైతే గాలికి ఎదురుగా కాక అడ్డంగా నడవాలనీ, ముక్కుకు తడి గుడ్డ కట్టుకోవాలనీ రొయ్యల పొట్టు ఒలిచే పీలింగ్ షెడ్డులోని ఆడవాళ్లకు ఎవరైనా చేసి చూపించారా, సైరను మోత పక్క వీధికి వినపడుతుందా. ఏడాదికి రెండుసార్లు డ్రిల్లు చేయండి. అందులో ఒకసారి పొరుగున ఉన్న కాలనీ పెద్దలను కూడా పిలవండి. పిలిస్తే భయపడిపోతారని, గొడవ చేస్తారని మీ ఎండీ గారు అనవచ్చు. నా అనుభవంలో మొదటి పది నిమిషాలు గొడవ చేస్తారు, ఆ తరువాత చాలా తెలివైన ప్రశ్నలు అడుగుతారు.

దీనికి తోడు హాస్టలు. నేను ఒకప్పుడు ఆడిట్‌కు వెళ్లిన ఒక ప్లాంటులో అమ్మాయిల హాస్టలు కిటికీలు నేరుగా కంప్రెసర్ గది వైపు తెరుచుకునేవి. వెనుక తలుపుకు రాత్రి తొమ్మిదికల్లా తాళం పడేది. వారి భద్రత కోసమే వేస్తున్నామని వార్డెను చెప్పింది. ఆ తాళంచెవి ఎక్కడ ఉందని అడిగితే సెక్యూరిటీ గదిలో అన్నారు. సెక్యూరిటీ గదికి వెళ్తే, ఆ రోజు డ్యూటీలో ఉన్న మనిషి కొత్తవాడు కావడంతో తాళంచెవి దొరకడానికి పద్నాలుగు నిమిషాలు పట్టింది. నేను గడియారం చూసుకుంటూనే నిలబడ్డాను. లోపలి నుంచి తోస్తే తెరుచుకునే గడియ ఖరీదు ఆ కంపెనీ ఆ ఏడాది వేయించిన శాలువాల ఖర్చులో పదోవంతు కూడా ఉండదు.

మానవ వనరుల విభాగం మీదే కాబట్టి కార్మికుల సంగతి మీకు నేను నేర్పవలసింది తక్కువ. అయినా కొనుగోలుదారు ప్రశ్నావళిలో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. శ్రీకాకుళం, విజయనగరం, ఒడిశా నుంచి కాంట్రాక్టరు ద్వారా వచ్చిన ఆడవాళ్లలో ఎంతమంది పేర్లు మీ రిజిస్టరులో ఉన్నాయి, ఎంతమందికి పీఎఫ్ నిజంగా జమ అవుతోంది, మేస్త్రీకి ఇచ్చిన అడ్వాన్సు తీరేవరకు ఊరికి పోనివ్వని పరిస్థితి ఏమైనా ఉందా అన్నవి మీరు స్వయంగా, కాంట్రాక్టరు పక్కన లేనప్పుడు, తెలుసుకోవాలి. ఆధార్ కార్డులను భద్రంగా ఉంచుతామని తీసుకుని తన బీరువాలో పెట్టుకునే మేస్త్రీలు ఉంటారు. అలా ఉంటే ఆ రోజే ఎవరివి వారికి ఇప్పించండి, ఎందుకంటే విదేశీ కొనుగోలుదారు దృష్టిలో అది నిర్బంధ చాకిరీకి గుర్తు. ఐసు నీళ్లలో గంటల తరబడి చేతులు పెట్టేవారికి సరైన గ్లవ్సులు, మధ్యలో చేతులు కాచుకునేందుకు విరామం, అడగకుండా మరుగుదొడ్డికి వెళ్లే వీలు ఉండాలి. పదిమంది లేదా అంతకుమించి పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలని 2013 నాటి వేధింపుల నివారణ చట్టం చెబుతోంది. కమిటీ సభ్యుల పేర్లు తెలుగులోనూ, ఒడియాలోనూ గోడ మీద ఉండాలి. ఫిర్యాదుల పెట్టెను సీసీ కెమెరా కిందనే బిగించిన చోట్లు చూశాను. అలాంటి పెట్టెలో ఏళ్ల తరబడి ఒక్క కాగితమూ పడదు. దాన్ని చూపించి మా దగ్గర ఫిర్యాదులే లేవని యాజమాన్యం మురిసిపోతుంది.

నీటి దగ్గరికి వద్దాం. రొయ్యల ప్లాంటు వ్యర్థజలంలో మాంసకృత్తులు ఎక్కువ కాబట్టి అది త్వరగా కుళ్లుతుంది, వాసన ఊరంతా పడుతుంది. శుద్ధి చేసి గెడ్డలోకి, అంటే వాగులోకి, వదలాలంటే, నీటిలో కుళ్లే పదార్థం ఎంత ఉందో చెప్పే జీవరసాయన ఆక్సిజన్ అవసరం (బీఓడీ) లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటరాదన్నది సాధారణ ప్రమాణం. శుద్ధి ప్లాంటు లేని ఫ్యాక్టరీ ఇప్పుడు అరుదు. అది రోజూ నడుస్తుందా అన్నదే అసలు ప్రశ్న. గాలి ఊదే బ్లోయర్లు కరెంటు బాగా తాగుతాయి కాబట్టి, రాత్రివేళ వాటిని ఆపేసి, తనిఖీకి వస్తున్నారని తెలిసినప్పుడు తిప్పడం ఒక పాత అలవాటు. దీనికి నేను కనిపెట్టిన మందు చాలా చవకైనది: శుద్ధి ప్లాంటు మొత్తానికి ఒక ప్రత్యేక విద్యుత్ మీటరు, లోపలికి వచ్చే నీటికి ఒక మీటరు పెట్టించి, రెండు రీడింగులనూ రోజూ ఒకే పుస్తకంలో పక్కపక్కన రాయించడం. నీరు పెరిగి యూనిట్లు పెరగని రోజు ఎవరో బ్లోయరు ఆపారన్నమాట. ఏ సుస్థిరత సాఫ్ట్‌వేరూ ఇంతకంటే నిజం చెప్పదు. అదే పుస్తకంలోంచి టన్ను రొయ్యకు ఎన్ని కిలోలీటర్ల నీరు పడుతోందన్న అంకె వస్తుంది. కొనుగోలుదారు అడిగేదీ అదే.

కర్బన ఉద్గారాల పట్టిక చూసి బెదిరిపోకండి, అది కూడా కూడికలూ గుణకారాలే. మొదటి పరిధిలో మీ ఆవరణలో మీరే కాల్చేవి, వదిలేవి వస్తాయి: జనరేటరులో లీటరు డీజిలుకు సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడు. రెండో పరిధి కొన్న కరెంటు: మన గ్రిడ్డు కరెంటుకు యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు. మొదటి పరిధిలో అందరూ మరిచిపోయేది శీతలీకరణ వాయువు. అమ్మోనియాకు భూతాపాన్ని పెంచే గుణం లేదు గానీ, చిన్న కోల్డ్ రూముల్లోనూ, కొన్ని రిఫ్రిజిరేటెడ్ వాహనాల్లోనూ వాడే ఆర్-404ఏ వాయువు కార్బన్ డయాక్సైడుకంటే దాదాపు 3,900 రెట్లు భూతాపం పెంచుతుంది. ఏడాదిలో అలాంటి వాయువు 10 కిలోలు లీకై మళ్లీ నింపారంటే 39 టన్నుల కార్బన్ డయాక్సైడు వదిలినట్టే. అది దాదాపు 55 వేల యూనిట్ల కరెంటుతో సమానం. పైకప్పు మీద సోలారు పలకలు పెట్టి ప్రారంభోత్సవం చేసేముందు, సిలిండర్ల కొనుగోలు బిల్లులు ఒకసారి తిరగేయండి. ఆ తరువాత కోల్డ్ స్టోరేజీ తలుపుల రబ్బర్లు, ప్లాస్టిక్ తెరలు చూడండి. తెరిచి ఉంచిన తలుపు గుండా పోయే చలువకు లెక్క ఉండదు, దాన్ని మూసినందుకు ఫోటో కూడా ఉండదు.

మూడో పరిధి మీ గేటు దాటి చెరువుదాకా పోతుంది. నిజానికి మీ సరుకు మోసే కర్బన భారంలో పెద్ద పాలు మీ ప్లాంటుది కాదు, మేతదీ, చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్లదీను. రైతు ఏ కంపెనీ మేత వాడాడు, కిలో రొయ్యకు ఎన్ని కిలోల మేత పట్టింది, చెరువు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీలో నమోదైందా, నిషేధించిన యాంటీబయాటిక్కులు వాడలేదని పరీక్ష ఉందా అన్న వివరాలు కొనుగోలు మేనేజరు దగ్గర చీటీల్లో ఉంటాయి. వాటిని లాట్ నంబరుకు ముడిపెట్టగలిగితే ప్రశ్నావళిలో మూడోవంతు పూర్తయినట్టే. ఇదంతా అమెరికావాళ్ల చాదస్తమని మీ ఎండీ గారు అంటే, సముద్రంలో పట్టిన మన రొయ్యల సంగతి గుర్తు చేయండి. తాబేళ్లు తప్పించుకునే అమరిక మన ట్రాలు వలల్లో లేదన్న కారణంతో, 2019 నుంచి సముద్రంలో పట్టిన భారతీయ రొయ్యలను అమెరికా దిగుమతి చేసుకోవడం ఆపేసింది. మన తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేలుకూ, మన డాలర్లకూ సంబంధం ఏమిటో రేవులోని ట్రాలు బోటు యజమానులు బాగా చెబుతారు.

తలలు, పొట్టు విషయం క్లుప్తంగా. అవి చెత్త కాదు. అందులో కైటిన్ అనే పదార్థం ఉంటుంది, కొనే పరిశ్రమలు ఉన్నాయి. రాత్రిపూట ఎవరో ఆటోలో తీసుకుపోయి ఎక్కడో పారబోసే ఏర్పాటు ఉంటే వెంటనే మాన్పించి, కొనుగోలుదారు రసీదు అడగండి.

నివేదికల గురించి కూడా అడిగారు. బీఆర్ఎస్ఆర్ అనే సుస్థిరత నివేదికను స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలకు తప్పనిసరి చేసింది. మీది ప్రైవేటు కంపెనీ కాబట్టి మీకు వర్తించదు. అయినా ఆ నమూనా తెచ్చుకుని అందులోని తొమ్మిది సూత్రాల ప్రశ్నలు ఒకసారి చదవండి, మీరు ఏ అంకెలు సేకరించాలో తెలుస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి: పెట్టెల మీద 'పర్యావరణ హితం', 'ప్రకృతికి మిత్రం' వంటి మాటలు ఊరికే అచ్చు వేయించకండి. ఆధారం చూపలేని ఇలాంటి హరిత ప్రకటనలను అడ్డుకునేందుకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు విడుదల చేసింది.

ఇప్పుడు ఆ 9 లక్షలు. ముందుగా, ఈ డబ్బు స్వభావం గ్రహించండి. ఇది లాభంతో పుట్టి లాభంతో పోయే డబ్బు. రొయ్య ధర ఒక్క సీజనులో ఎలా పడిపోతుందో మీకు తెలుసు. వచ్చే ఏడాది మీ లాభం 5 కోట్లకు దిగువకు వస్తే, మిగతా రెండు అర్హతలూ లేని మీ కంపెనీకి ఆ పై ఏడాది చట్టప్రకారం బాధ్యతే ఉండదు. ఊరివాళ్ల అవసరం మాత్రం అలాగే ఉంటుంది. ఉక్కు, బొగ్గు వంటి పెద్ద పరిశ్రమల్లోనూ ఇదే చిక్కు: నష్టాలు వచ్చిన ఏడాది సీఎస్ఆర్ ఆగుతుంది, పొగ ఆగదు. కాబట్టి బడికి అదనపు టీచరు జీతం వంటి, ఆపితే పిల్లలు నష్టపోయే పనిని ఈ డబ్బుతో మొదలుపెట్టకండి. తప్పదనుకుంటే దాన్ని కొనసాగే ప్రాజెక్టుగా డైరెక్టర్ల బోర్డు చేత ఆమోదింపజేయండి; మొదలుపెట్టిన సంవత్సరం కాక మరో మూడేళ్ల వరకు నడపడానికి చట్టం అనుమతిస్తుంది.

రెండోది, అడగండి. మా కర్మాగారానికి ఆనుకుని ఉన్న ఒక మత్స్యకార పల్లెలో మేము ఎవరినీ అడగకుండా మంచినీటి ఆర్వో ప్లాంటు కట్టించాం. ఎంతో ఆర్భాటంగా ప్రారంభించాం. తీరంలో బోరు నీళ్లు ఉప్పన కావడంతో రెండేళ్లు తిరక్కుండానే పొరలు పాడయ్యాయి, కొత్తవి కొనే డబ్బు పంచాయతీ దగ్గర లేదు, మా బడ్జెట్టులోనూ నిర్వహణ అన్న పద్దు లేదు. మూడో ఏడు నేను వెళ్లేసరికి ఆ గదిలో వలలు ఆరబెట్టుకుంటున్నారు. వలలు పెట్టుకోవడానికి చోటు కావాలని మేము మిమ్మల్ని ముందే అడిగాం కదా బాబూ అని ఒక పెద్దావిడ నవ్వింది. నిజమే, అడిగారు. మేము కట్టినదే చివరికి వాళ్లు కోరినదానికి పనికివచ్చింది. మీ పల్లెకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, చేపల వేట నిషేధం ఉండే 61 రోజుల్లో వెళ్లండి. మగవాళ్లు ఊళ్లో ఉంటారు, తీరిక ఉంటుంది, ఇల్లు గడవడం ఎంత కష్టంగా ఉందో కూడా కనిపిస్తుంది. మీరు ఏం ఇస్తారని కాకుండా, ఇంతకుముందు ఎవరెవరు వచ్చి ఏమేం కట్టారు, అందులో ఏది పనిచేస్తోంది అని అడగండి. పాడైనదాన్ని బాగుచేయడం కొత్తది కట్టడంకంటే చాలాసార్లు చవక.

మొక్కలు వద్దని నేను అనను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక నగరంలో ఆకు లేని ఉదయాన్ని చూసినవాళ్లం, చెట్టు విలువ తెలుసు. ఆ తరువాత ప్రతి కంపెనీ మొక్కలు నాటింది. త్వరగా పెరుగుతాయని తెచ్చినవి చాలావరకు మొదటి ఎండాకాలంలోనే పోయాయి, ఎందుకంటే నాటడానికి వచ్చిన నాయకులు నీళ్లు పోయడానికి రారు. ఆ గాలిలో నేను చూసినంతవరకు తాటిచెట్లు గట్టిగా నిలబడ్డాయి. మీ ఎండీ గారికి మొక్కల మీద మనసుంటే, పల్లె పక్కన గట్టు మీద తాటి టెంకలు పాతించి, వేప, కానుగ మొక్కలకు మూడేళ్లు నీళ్లు పోసే మనిషికి కూలి కూడా అంచనాలోనే వేయండి. వెయ్యి మొక్కలకు వేసే ఖర్చుతో ఇలా నూరు చెట్లు బతుకుతాయి.

చివరగా బడికి పెట్టించే పేరు బోర్డు సంగతి. మీ ఎండీ గారి ఈ కోరికను కాదనకండి. తన సంపాదనలోంచి ఇచ్చినవాడికి తన పేరు చూసుకోవాలని ఉండడం తప్పేమీ కాదు. బోర్డు చిన్నదిగా చేయించి, దాని మీద ఏ సంవత్సరం, ఎంత ఖర్చు అన్నవి రాయించి, కింద పాడైతే ఎవరికి ఫోను చేయాలో ఆ నంబరు వేయించండి, అది మీ ఆఫీసులో నిజంగా ఎత్తే నంబరు అయి ఉండాలి. ఆర్వో ప్లాంటు ఉదంతం తరువాత మేము ఒక బడి మరుగుదొడ్ల దగ్గర అలాంటి బోర్డు పెట్టాం. మొదటి ఆరు నెలల్లో పదకొండు ఫోన్లు వచ్చాయి. తొమ్మిది నీళ్ల మోటారు గురించి. మిగతా రెండూ, రాత్రిపూట మా లారీలు ఊళ్లోంచి హారన్ కొట్టుకుంటూ పోతున్నాయనీ, పిల్లలు నిద్రపోవడం లేదనీ.